గూట్లో ఊక తీయాలా, ఉంచాలా? దెగ్లూర్ పెరటి కోళ్ల పంచాయితీ

దెగ్లూర్‌లో పెరట్లో పది కోళ్లు పెంచుకునే మనిషికి సలహాలకు కరువుండదు. మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా దక్షిణపు కొసన, తెలంగాణకూ కర్ణాటకకూ ఆనుకుని ఉన్న తాలూకా కావడంతో మాట ఏ దిక్కు నుంచైనా వచ్చి పడుతుంది. మందుల దుకాణంలో మరాఠీలో ఒక మాట. మద్నూర్ నుంచి వచ్చిన మేనత్త తెలుగులో ఇంకో మాట. బీదర్ వైపు చుట్టాలది మూడో మాట. 1956 దాకా ఈ మూడు వైపులా ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి కాబట్టి చుట్టరికాలు తెగలేదు, సలహాలూ తెగలేదు. ఇవి చాలనట్టు చేతిలో ఫోను. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి పందెం పుంజుకు బాదంపప్పు, కైమా పెట్టే వీడియో ఒకటి వస్తుంది. దాని వెనకే అమెరికాలో ఎవరో ఆవిడ చలికాలమంతా గూట్లో చిత్రిక పొట్టు తీయనే లేదని గొప్పగా చెబుతుంది.

గూడు రోజూ ఊడ్చి కడగమని ఒకరంటారు. ఊక పోసి ఆర్నెల్లు కదపొద్దని ఇంకొకరంటారు. ఇసుక పోస్తే ఏ బాధా ఉండదని ఒకరు, ఇసుక మీద పిల్లలు చలికి చస్తాయని మరొకరు. సున్నం చల్లమనేవాళ్లు ఎందరో వద్దనేవాళ్లూ అందరే. "ఊర కోడికి సూదెందుకు వదినా, దానికేమైతది?" అనే మాటా, "మందు వేయించకుంటే ఒక్కటి మిగలదక్కా" అనే మాటా ఒకే అరుగు మీద వినిపిస్తాయి.

వీటిలో చాలావరకు అబద్ధాలు కావు. చిక్కంతా అక్కడే ఉంది. ప్రతి సలహా ఎక్కడో ఒక చోట, ఏదో ఒక కాలంలో, కొన్ని కోళ్లను చూసి పుట్టింది. పుట్టిన చోట పనిచేసింది కూడా. ఊరు మారి, ఋతువు మారి, పదివేల కోళ్ల షెడ్డు నుంచి పది కోళ్ల గూటికి దిగేసరికి అదే మాట కోళ్ల ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే సలహా తప్పా ఒప్పా అని తేల్చుకునే ముందు అది ఎవరి కోళ్లను చూసి చెప్పిన మాటో అడగాలి.

అడిగే అవసరం ఈ మధ్య పెరిగింది కూడా. 2019 పశుగణన ప్రకారం దేశంలో కోళ్లూ బాతులూ కలిపి 85.18 కోట్లు. వాటిలో పెరటి పెంపకంలో ఉన్నవి 31.7 కోట్లు. అంతకు ముందు 2012 గణనతో పోలిస్తే ఫారం కోళ్లు 4.5 శాతం పెరిగితే, పెరటి కోళ్లు దాదాపు 46 శాతం పెరిగాయి. అంటే అమ్మమ్మ గంప కింద కోళ్లు కమ్ముతుంటే చూసి నేర్చుకున్నవాళ్లతో పాటు, ఏ అమ్మమ్మా నేర్పకుండానే కోళ్లు తెచ్చుకున్నవాళ్లూ పెద్ద సంఖ్యలో చేరే ఉంటారన్న మాట.

అన్నిట్లోకీ ఎక్కువ గొడవ గూట్లో పరిచే ఊక గురించే. కోళ్ల పెంపకందార్లు దాన్ని లిట్టరు అంటారు.

"తీయొద్దు, పైన పోస్తూ పోండి" అన్న మాటకు ఊరూ పేరూ ఉన్నాయి. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఊస్టర్ వ్యవసాయ ప్రయోగ కేంద్రంలో డి.సి. కెన్నార్డ్ అనే శాస్త్రజ్ఞుడు 1940లలో ఒక సంగతి గమనించాడు. నెలల తరబడి తీయకుండా, తిరగేస్తూ, పైన కొత్తది కలుపుతూ పోయిన పాత లిట్టరు మీద పెరిగిన కోళ్లు, ఎప్పటికప్పుడు కొత్తది పరిచిన వాటికంటే ఆరోగ్యంగా ఉన్నాయి. మేతలో జంతు సంబంధమైన మాంసకృత్తులు తక్కువైనా పాత లిట్టరు మీది పెట్టల గుడ్లు బాగా పిల్లలయ్యాయి. కారణం తర్వాత తెలిసింది. పాత లిట్టరులోని సూక్ష్మజీవులు ఒక విటమిన్ తయారుచేస్తున్నాయి, కోళ్లు గీరుకుని తింటూ దాన్ని పొందుతున్నాయి. 1948లో వేరుచేసిన ఆ విటమిన్‌కు బి12 అని పేరు పెట్టారు. ఇవాళ బస్తాల్లో దొరికే కోళ్ల దాణాలో బి12 కలిపే ఉంటుంది. పెరట్లో పురుగూ పుట్రా ఏరుకు తినే కోడికి అది ఎలాగూ దొరుకుతుంది. కాబట్టి ఆనాటి లాభంలో ఒక పెద్ద వాటా దెగ్లూర్ కోడికి అక్కర్లేదు. ఇంకో వాటా, కుళ్లే లిట్టరు నుంచి పుట్టే వెచ్చదనం, మంచు కురిసే ఒహాయోకు వరం. మే నెలలో నలభై డిగ్రీలు దాటే నాందేడ్ జిల్లాకు అదే శాపం.

అయితే "రోజూ తీసి పారేయండి" అనేవాళ్లు నెగ్గినట్టేనా? అదీ కాదు.

పూర్తిగా ఎదిగిన కోడి రోజుకు వంద గ్రాముల పైచిలుకు రెట్ట వేస్తుంది. అందులో ముప్పాతిక వంతు నీళ్లే. పది కోళ్లను రాత్రింబగళ్లు మూసి ఉంచితే రోజూ గూట్లో ముప్పావు లీటరు నీళ్లు ఒలకబోసినట్టే లెక్క. ఊపిరితో వచ్చే ఆవిరి, నీళ్ల గిన్నె తొణకడం దీనికి అదనం. లిట్టరు చేసే పని ఆ నీళ్లను పట్టుకుని, గాలికి వదిలేయడం. లిట్టరులో తేమ పాతిక శాతం లోపు ఉన్నంతకాలం అది పాతదా కొత్తదా అన్నది పెద్ద విషయం కాదు. తేమ దాటిందంటే నిన్న పోసిన ఊక కూడా చెడ్డదే. పాతదా కొత్తదా అని వాదించుకునేవాళ్లు నిజానికి తడీ పొడీ గురించి మాట్లాడుకోవాలి.

తేమను కొలవడానికి పనిముట్టు అక్కర్లేదు, చెయ్యి చాలు. నీళ్ల గిన్నె పక్కనా, దండె కిందా, మూలలోనా, మూడు చోట్ల నుంచి అడుగు దాకా చెయ్యి పెట్టి గుప్పెడు ఊక తీసి గట్టిగా పిడికిలి బిగించాలి. వేళ్లు విప్పాక ముద్ద ముద్దగానే నిలిస్తే తడి మించింది. అసలు పట్టు దొరక్కుండా దుమ్ములా రాలిపోతే మరీ ఎండింది, ఆ దుమ్ము కోడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. కాస్త అతుక్కుని మెల్లగా విడిపోతే సరిపోయింది.

రెండో కొలత ముక్కు. తెల్లవారి గూటి తలుపు తీయగానే, నిలబడి కాదు, కూచుని, కోడి తల ఉండే ఎత్తులో గాలి పీల్చాలి. కళ్లు మండి ముక్కు ఘాటెక్కితే అది అమ్మోనియా. గాలిలో పది లక్షల వంతుల్లో పాతిక వంతులు దాటితే కోళ్ల కళ్లకూ శ్వాసనాళాలకూ హాని మొదలవుతుందని పౌల్ట్రీ పుస్తకాలు చెబుతాయి. ఇక్కడో ఇబ్బంది ఉంది. రోజూ ఆ గాలే పీల్చేవాళ్ల ముక్కుకు ఘాటు తెలియదు. ఇంటికొచ్చిన చుట్టం ముక్కు మూసుకుంటే ఆయన మాటే నమ్మడం మేలు.

పాత లిట్టరు కాపాడుతుందనే మాటా, చంపుతుందనే మాటా రెండూ ఎలా నిజమవుతాయో రక్తపారుడు చూపిస్తుంది. మూడు నుంచి ఆరు వారాల పిల్లలు రెక్కలు జార్చి, బూరులు లేపుకుని మూల కూచుంటాయి. రెట్టలో నెత్తురు పడుతుంది. చచ్చిన పిల్లను పశువైద్యుడు కోసి చూపిస్తే పేగు చివర రెండు సంచుల్లాంటి భాగాలు నెత్తురుతో ఉబ్బి కనిపిస్తాయి. దీనికి కారణం కాక్సీడియా అనే పరాన్నజీవి. దాని బీజాలు రెట్టతో బయటికి వచ్చినప్పుడు ప్రమాదకరం కావు. తేమ, వెచ్చదనం, గాలి మూడూ దొరికితే ఒకటి రెండు రోజుల్లో మరో కోడికి అంటుకునే స్థితికి వస్తాయి. పొడి లిట్టరులో వాటిలో కొన్నే ఆ దశకు చేరతాయి. పిల్ల వాటిని కొద్దికొద్దిగా మింగుతూ రోగాన్ని తట్టుకునే శక్తి తెచ్చుకుంటుంది. తడి లిట్టరులో అవే లక్షల్లో తయారై ఒక్కసారే కడుపులో పడతాయి. ఒహాయోలో పాత లిట్టరు మీది కోళ్లు తట్టుకోవడానికీ, జూలై ముసురులో ఇక్కడి పిల్లలు కుప్పలుగా చావడానికీ తేడా తెచ్చేది లిట్టరులోని తడి. రోగం పట్టాక ఊక ఎంత మార్చినా చాలదు. పశువైద్యుడు చెప్పిన మోతాదులో ఆంప్రోలియం లాంటి మందు నీళ్లలో కలిపి ఇవ్వాలి.

పైగా ఈ విషయంలో దేశాలకు దేశాలే ఒక మాట మీద లేవు. అమెరికా బ్రాయిలర్ షెడ్లలో ఒక విడత కోళ్లు పోయాక పైపైన గట్టిపడ్డది గీకేసి అదే లిట్టరు మీద తర్వాతి విడత పెంచడం మామూలు. యూరప్‌లో ప్రతి విడతకీ మొత్తం ఊడ్చి కడగడం అలవాటు. మన బ్రాయిలర్ రైతులదీ ఎక్కువగా రెండో పద్ధతే.

పెరటి గూటికి వస్తే లెక్కే వేరు. పగలంతా దొడ్లో, గడ్డివాము దగ్గర, చేను గట్టు మీద తిరిగే కోడి గూట్లో ఉండేది రాత్రిపూటే. రెట్టలో చాలా భాగం బయటే పడుతుంది. గూట్లో పడేది దాదాపు అంతా అది కూచునే దండె కిందే. కాబట్టి దండె కింద ఒక రేకో, పలకో, పాత గోనెపట్టో పెట్టి పొద్దున్నే గీకేస్తే చాలు. మిగతా నేల మీది ఊకను వారానికి రెండు మూడుసార్లు తిరగేస్తూ, తడిసిన చోటు మాత్రం తీసి కొత్తది వేస్తూ నెలల తరబడి ఉంచుకోవచ్చు. "రోజూ తీయాలి" అన్నాయనా "ఎప్పటికీ తీయొద్దు" అన్నాయనా ఒకే గూట్లో ఇద్దరూ గెలుస్తారు.

ఇంతకీ పరిచేది ఏది? పుస్తకాలు వరి ఊక అంటాయి. దెగ్లూర్ చుట్టుపక్కల పండేది ఎక్కువగా సోయాబీన్, పత్తి, కంది, జొన్న. ఊక కావాలంటే నిజామాబాద్, బోధన్ వైపు రైసు మిల్లుల నుంచి రావాలి. ఊక నీళ్లను బాగా పీల్చుకోదు గానీ త్వరగా ఆరుతుంది, గడ్డ కట్టదు. అదే దాని గొప్ప. కోత మిల్లులో దొరికే రంపపు పొట్టు బాగా పీలుస్తుంది, కానీ సన్న దుమ్ము ఎక్కువ, పైగా చెదలు పట్టకుండా మందు పూసిన కర్ర పొట్టయితే మొదటికే మోసం. పంట నూర్పిడి తర్వాత సోయా భూసా ఊరంతా దొరుకుతుంది, డబ్బు పెట్టనక్కర్లేదు. అందుకే చాలామంది చెయ్యి దాని మీదికే పోతుంది. పొడి కాలంలో అది పనికొస్తుంది. వానలో తడిసిన కుప్ప అడుగు నుంచి తీసి పరిస్తే మాత్రం బూజు గూట్లోకి తెచ్చినట్టే. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పిల్లల ఊపిరితిత్తుల్లో చేరితే నోరు తెరిచి ఎగపోస్తూ చస్తాయి, మందుకు లొంగదు. వరిగడ్డికీ ఇదే వర్తిస్తుంది. చిన్న ముక్కలుగా కోయకుండా పరిస్తే చాపలా అల్లుకుపోయి కింద కుళ్లుతుంది.

ఇసుక సంగతి కాస్త తమాషా. అమెరికాలో ఆబర్న్ విశ్వవిద్యాలయంవాళ్లు 1990లలో బ్రాయిలర్లను ఇసుక మీద పెంచి చూసి, ఫలితాలు చిత్రిక పొట్టుకు తీసిపోలేదన్నారు. ఎండాకాలంలో చల్లగా ఉంటుంది, జల్లించి మళ్లీ వాడుకోవచ్చు. మరి పిల్లలు చలికి చస్తాయన్న మాట? వేడి సరిగా అందని తొలి వారాల పిల్లలకు అది నిజం, ఎదిగిన కోడికి కాదు. వానాకాలంలో అడుగున నీరు నిలిచే గూట్లో ఇసుక పోసినా బురదే మిగులుతుంది.

దెగ్లూర్‌లో అందరూ మరిచే విషయం లిట్టరు కింద ఉన్న నేల. నల్లరేగడి నేల. వానకు ఉబ్బి నీరు పట్టి ఉంచుతుంది, ఎండకు పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లు పిడుదులకు ఇళ్లు. దాని మీద ఎంత మంచి ఊక పోసినా కింద నుంచి చెమ్మ ఎక్కుతూనే ఉంటుంది. ముందు జానెడు ఎత్తున మొరం పోసి గట్టిగా దిమ్మిస కొట్టడం, లేదా గూటిని మంచె మీదికి ఎత్తడం, చూరు రెండడుగులు ముందుకు దించడం, నీళ్ల గిన్నెను ఇటుకల మీద పెట్టడం. ఈ పనులు చేసినవాళ్లకు ఊక గురించి వాదించాల్సిన అవసరం సగం తగ్గిపోతుంది. ఋతువును బట్టి మందం మార్చుకోవచ్చు. చలికాలంలో నాలుగైదు అంగుళాలు, ఎండాకాలంలో రెండు అంగుళాలు చాలు.

సున్నం గొడవలో ఇద్దరూ సగం సగమే సరి. తడిసిన లిట్టరు మీద సున్నం చల్లితే అది ఆరుతుంది, గడ్డలు విడిపోతాయి, నిజమే. కానీ సున్నం క్షారం. రెట్టలో కట్టుబడి ఉన్న నత్రజని క్షారం తగలగానే అమ్మోనియా వాయువై లేస్తుంది. చల్లిన వెంటనే కోళ్లను లోపల మూస్తే కళ్లు మండక మానవు. ఘాటు తగ్గాలంటే ఆమ్ల గుణం ఉన్నది కావాలి. ఎరువుల దుకాణంలో దొరికే సూపర్ ఫాస్ఫేట్‌ను అందుకే పౌల్ట్రీ పుస్తకాలు చెబుతాయి. అమెరికా షెడ్లలో అల్యూమినియం సల్ఫేట్ చల్లేదీ అందుకే. ఏది చల్లినా కోళ్లను బయటికి తోలి, లిట్టరులో బాగా కలిపాకే లోపలికి రానివ్వాలి. సున్నానికి అసలైన చోటు ఖాళీ చేసి ఊడ్చిన నేల, గోడ. బూడిద మాత్రం పెద్దవాళ్లు చెప్పినట్టే మంచిది, ఊకలో కలపడానికి కాదు, ఒక మూల గుంతలో పోసి పెడితే కోళ్లు పొర్లి పేలు దులుపుకోవడానికి.

"కోడిపిల్లలను ఎవరు చూడాలి? తల్లే చూసుకుంటుంది" అన్నది నాటుకోడి ఉన్న ఇంటి మాట. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ పిల్లలను తెచ్చుకున్న ఇంట్లో అది చెల్లదు. గుడ్లు ఎక్కువ పెట్టే ఈ జాతులు పొదుగుకు కూచోవడం అరుదు. పిల్లలు తల్లి లేకుండానే హేచరీ నుంచి డబ్బాలో వస్తాయి. అందుకే ఆరు వారాల దాకా బల్బు కింద పెంచి అప్పుడు పెరట్లోకి వదలమంటారు. తొలి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి అన్న అంకె చూసి, మే మధ్యాహ్నం కూడా బల్బు వేసి ఉంచేవాళ్లున్నారు. బయటి ఎండే అంతకంటే ఎక్కువ. పిల్లలన్నీ బల్బు కింద గుమిగూడితే చలి, గోడల వారగా పోయి నోరు తెరిస్తే వేడి. థర్మామీటరు కంటే వాటి మాటే వినాలి.

ఇక కాగితం. పిల్లల కింద వార్తాపత్రిక పరచమని మన కరపత్రాలు, జారి కాళ్లు విడిపోతాయి వద్దని విదేశీ పుస్తకాలు. మనవాళ్లు చెప్పేది ఊక మీద పరచమని, అదీ పిల్లలు ఊకను మేత అనుకుని తినకుండా తొలి మూడు నాలుగు రోజులకే. వాళ్లు వద్దనేది నున్నటి గచ్చు మీదో అట్టపెట్టెలోనో ఒక్క కాగితమే వేయడాన్ని.

సలహాలన్నిట్లోకీ ప్రాణం తీసేది "ఊర కోడికి రోగం రాదు" అన్నది. కొక్కెర తెగులు నాటుకోడని వదలదు. ఆకుపచ్చ పారుడు, ఎగశ్వాస, మెడ తిరిగిపోవడం, నాలుగైదు రోజుల్లో గూడు ఖాళీ. కుమావూ కొండల్లోని రాణీఖేత్ పేరు మీద మన దేశంలో దీన్ని పిలిస్తే, ఇంగ్లండులో అదే కాలంలో, 1920ల చివర, న్యూకాసిల్‌లో కనబడ్డందుకు ప్రపంచం ఆ ఊరి పేరు పెట్టింది. ఇది వైరస్. పసుపు, వెల్లుల్లి, వేపాకు మేతకు హాని చేయవు గానీ దీన్ని ఆపలేవు. దుకాణంవాడు చేతిలో పెట్టే యాంటీబయాటిక్ పొడి కూడా ఆపలేదు. అలా వాడిన మందులు మనుషుల దాకా వచ్చి పనిచేయకుండా పోతాయన్న భయంతోనే కేంద్రం 2019 జూలైలో కొలిస్టిన్‌ను కోళ్లకూ పశువులకూ వాడకుండా నిషేధించింది. సలహా ఇచ్చేవాడు ఆ సలహాతో పాటు సీసా కూడా అమ్ముతున్నాడా అన్నది చూసుకోవడం ఇందుకే.

జబ్బు పడ్డ కోడిని ఏం చేయాలన్న దాని మీద కూడా రెండు మాటలున్నాయి. చావబోయే ముందే కోసుకోమనేది ఒకటి, సంతలో అమ్మేయమనేది ఇంకొకటి. రెండూ తప్పే, ఇక్కడ మధ్యేమార్గం లేదు. దేశంలో బర్డ్ ఫ్లూ మొదట బయటపడింది ఈ రాష్ట్రంలోనే, 2006 ఫిబ్రవరిలో నందుర్‌బార్ జిల్లా నవాపూర్‌లో. 2021 జనవరిలో పర్భణి జిల్లా మురుంబాలో కోళ్లు చచ్చాయి. 2025 జనవరిలో పొరుగునే ఉన్న ఉద్గీర్‌లో కాకులు రాలాయి, పరీక్షలో అదే వైరస్ తేలింది. ఒకేసారి కోళ్లు గానీ కాకులు గానీ చస్తుంటే చేత్తో ముట్టకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పాలి. 1962 నంబరు అందుకే ఉంది. అడిగి తెలుసుకోవడానికి ఉద్గీర్‌లో పశువైద్య కళాశాల, బిలోలి తాలూకా సగ్రోలిలో కృషి విజ్ఞాన కేంద్రం అందుబాటులోనే ఉన్నాయి. వాళ్లు చూసేవి ఈ నేల మీది కోళ్లనే.

కొక్కెర తెగులుకు టీకా పద్ధతి పాతదే, గట్టిదే. పిల్లకు ఏడు రోజుల లోపు కంట్లోనో ముక్కులోనో లాసోటా చుక్క, ఎనిమిది వారాలు దాటాక రెక్క కింద ఆర్‌2బి సూది. ఆర్‌2బి కాస్త ఘాటైన మందు కాబట్టి చిన్న పిల్లలకు వేయకూడదు. చిక్కల్లా సీసా సైజు. చిన్న సీసాలో కూడా వంద మోతాదులుంటాయి, ఇంట్లో ఉన్నవి పది కోళ్లు. ఒక్కరి కోసం సీసా విప్పడం దండగని చాలామంది మానేస్తారు. వాడకట్టులో పది ఇళ్లవాళ్లు కలిస్తే ఆ సీసా చాలదేమో కూడా. మందును ఐసు వేసిన ఫ్లాస్కులో తేవాలి, కలిపాక గంటా రెండు గంటల్లో అయిపోవాలి. పగలు వేద్దామంటే కోళ్లు చిక్కవు. పొద్దు గూకి అన్నీ గూళ్లెక్కాక, ఒకరు టార్చి పట్టుకుంటే ఒకరు కోడిని పట్టుకుని, ఇంటింటికీ తిరిగి వేయడమే వీలైన పద్ధతి.